సెస్యూ హయకవా: అమెరికా మూకీ తెరపై ఒక జపాన్ నటుడి ప్రస్థానం – తరచుగా అడిగే ప్రశ్నలు

సెస్యూ హయకవా ఎవరు?

ఆ పేరు వినని తెలుగు ప్రేక్షకులు కూడా ఆయన ముఖాన్ని చూసే ఉంటారు. 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' చిత్రంలో యుద్ధఖైదీల శిబిరాన్ని ఏలే కర్నల్ సైటో పాత్రధారి ఆయనే. 1957లో ఆ చిత్రం విడుదలయ్యే నాటికి ఆయనకు 71 ఏళ్లు. దానికి నాలుగు దశాబ్దాల ముందే, అంటే చార్లీ చాప్లిన్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్, మేరీ పిక్‌ఫర్డ్ వంటి వారు హాలీవుడ్‌ను తీర్చిదిద్దుతున్న రోజుల్లోనే, ఆయన అమెరికాలో పెద్ద తారగా వెలిగారు. ఆయన చిత్రాలకు తెల్లజాతి ప్రేక్షకులు, ముఖ్యంగా స్త్రీలు, బారులు తీరేవారు. అదే దేశంలో ఆయనకు పౌరసత్వం పొందే హక్కు లేదు. ఈ రెండు వాస్తవాలనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే తప్ప ఆయన వృత్తిజీవితం అర్థం కాదని నా నమ్మకం. కింది సమాధానాలన్నీ ఆ కోణం నుంచే రాశాను.

ఆయన అమెరికాకు ఎలా చేరారు? నటన వైపు ఎలా మళ్లారు?

ఆయన అసలు పేరు కింతారో హయకవా. 1886 జూన్ 10న జపాన్‌లోని చిబా ప్రాంతంలో, చేపలవేట మీద ఆధారపడిన ఒక సముద్రతీర గ్రామంలో, పలుకుబడి ఉన్న కుటుంబంలో పుట్టారు. నౌకాదళ అధికారి కావాలని ఇంటివారు ఆశించారు. అయితే సముద్రంలో లోతుకు మునిగినప్పుడు కర్ణభేరి పగలడంతో ఆ దారి మూసుకుపోయిందనీ, తండ్రి ముఖం చూడలేక ప్రాణం తీసుకోబోయి బతికి బయటపడ్డాననీ, తరువాత షికాగో విశ్వవిద్యాలయంలో చదివాననీ ఆయన 1960లో వెలువడిన ఆత్మకథలో చెప్పుకున్నారు. చదువు గురించిన భాగాన్ని పరిశోధకులు అనుమానంతోనే చూస్తారు. తారల జీవితకథలను ప్రచార విభాగాలే అల్లే కాలంలో ఎదిగిన మనిషి కాబట్టి, ఆ పుస్తకంలోని మాటలను ఆయన తన గురించి చెప్పదలచుకున్న కథగా చదువుకోవడం మంచిది.

ఖాయంగా తెలిసిన విషయం ఏమిటంటే, ఆయన లాస్ ఏంజెలెస్‌లో 'లిటిల్ టోక్యో' అని పిలిచే జపనీయుల పేటకు చేరి, అక్కడి వలసదారులు ఆడే నాటకాలలో వేషాలు కట్టారు. సెస్యూ అనే పేరును రంగస్థలం కోసం పెట్టుకున్నారు. 'ది టైఫూన్' నాటకంలో ఆయన నటన నిర్మాత థామస్ ఇన్స్ దృష్టిలో పడింది. కౌబాయ్ చిత్రాలతో పేరు తెచ్చుకున్న ఇన్స్, శాంటా మోనికా దగ్గర కొండలలో పెద్ద స్టూడియో నడుపుతూ, కొత్తదనం కోసం జపాన్ కథలను కూడా తీయాలని చూస్తున్నారు. ఆ నాటకం అదే పేరుతో 1914లో చిత్రంగా వచ్చింది.

ఆయన భార్య సురు ఆవోకీ పాత్ర ఏమిటి?

చాలామంది ఆమెను 'హయకవా భార్య' అని ఒక్క మాటలో దాటవేస్తారు. అది అన్యాయం. అమెరికన్ చిత్రాలలో ఆయన కంటే ముందు కనిపించినది ఆమే. ప్రఖ్యాత రంగస్థల దంపతులు ఒతోజిరో కవకామి, సదాయక్కోలకు ఆమె మేనకోడలు. వారి నాటక బృందంతో పాటు బాల్యంలోనే, 1899లో, అమెరికా వచ్చి, కాలిఫోర్నియాలో స్థిరపడిన తోషియో ఆవోకీ అనే చిత్రకారుడి పెంపుడు కూతురిగా పెరిగారు. అందువల్ల ఆమెకు ఇంగ్లీషు, అక్కడి మర్యాదలు సహజంగా అబ్బాయి.

1914 జనవరిలో జపాన్‌లో సకురజిమా అగ్నిపర్వతం బద్దలైంది. ఆ వార్త వేడి చల్లారకముందే ఇన్స్ 'ది రాత్ ఆఫ్ ది గాడ్స్' తీసి, ఆ ఏడాది మధ్యలోనే విడుదల చేశారు. అందులో నాయిక ఆవోకీ, ఆమె ముసలి తండ్రి హయకవా. ఆ ఏడాది మే 1న వారిద్దరికీ పెళ్లయింది. అంటే ప్రేక్షకులు తెరమీద తండ్రీకూతుళ్లుగా చూసినవారు, ఆ చిత్రం థియేటర్లకు వచ్చేసరికే భార్యాభర్తలు. ఆ తరువాతి ఏళ్లలో ఇద్దరూ కలిసి ఎన్నో చిత్రాలలో నటించారు. ఆమె 1961లో మరణించారు.

'ది చీట్' చిత్రానికి అంత ప్రాధాన్యం ఎందుకు?

హయకవాను తారను చేసింది ఆ ఒక్క చిత్రమే. జీవితాంతం ఆయన వదిలించుకోలేకపోయిన నీడ కూడా అదే. సెసిల్ బి. డిమిల్ దర్శకత్వంలో 1915 డిసెంబరులో విడుదలైన ఈ చిత్రానికి సుమారు 17 వేల డాలర్లు ఖర్చయితే, వసూళ్లు లక్ష డాలర్లు దాటాయి.

కథ ఇది. విలాసాలకు అలవాటుపడిన ఈడిత్ అనే ఇల్లాలు రెడ్‌క్రాస్ నిధికి చెందిన 10 వేల డాలర్లను షేర్లలో పెట్టి పోగొట్టుకుంటుంది. హిషురు తోరీ అనే జపాన్ ధనవంతుడు ఆ మొత్తం ఇస్తానంటాడు. ప్రతిగా ఆమెనే కోరుకుంటాడు. ఆమె భర్త దగ్గర డబ్బు తెచ్చి అప్పు తీర్చబోతే, బేరం డబ్బుతో తీరేది కాదంటాడు. పెనుగులాటలో, తన వస్తువులన్నిటి మీదా వేసుకునే ముద్రను ఎర్రగా కాల్చి ఆమె భుజం మీద వాత పెడతాడు. ఆమె అతడిని కాలుస్తుంది, నేరం భర్త నెత్తిన వేసుకుంటాడు, చివరకు ఆమె నిండు కోర్టులో భుజం మీది వాతను చూపిస్తుంది. జనం తోరీ మీద విరుచుకుపడతారు.

కథ జాతివిద్వేషంతో నిండినదే, ఆ మాటను మెత్తపరచవలసిన అవసరం లేదు. అయినా చిత్రం చూసినవారికి గుర్తుండేది ఈడిత్ కాదు, ఆమె భర్త కూడా కాదు. ఈడిత్‌గా వేసిన ఫ్యానీ వార్డ్ చేతులు ఊపుతూ, గుండెలు బాదుకుంటూ, నాటకశాలలో చివరి వరుసకు కూడా అందేలా నటించారు. హయకవా మాత్రం దాదాపు కదలరు. కనుబొమ సగం లేస్తుంది, చూపు ఒక్క క్షణం ఎక్కువ నిలుస్తుంది, అంతే. చీకటి నడుమ ముఖానికి ఒక పక్క నుంచి మాత్రమే పడే వెలుగు ఆ నిశ్చలతను ఇంకా పెంచింది. అతడు తూటా దెబ్బ తిని పడినప్పుడు మనకు కనిపించేది కాగితపు తలుపు మీద ఒరిగిన నీడ, ఆ కాగితం మీద మెల్లగా పాకే నెత్తురు మాత్రమే. 1915లో ఇలాంటి దృశ్యం కొత్త. 1916లో ఈ చిత్రం పారిస్ చేరినప్పుడు రచయిత్రి కొలెత్, విమర్శకుడు లూయీ దెల్యూక్ వంటివారు హయకవా ముఖం గురించి ప్రత్యేకంగా రాశారు. సినిమాను వినోదంగా మాత్రమే చూస్తున్న ఫ్రెంచి మేధావులలో కొందరు దానిని కళగా చూడడం మొదలుపెట్టడానికి ఈ చిత్రం ఒక కారణమైంది.

జపనీయులు ఈ చిత్రాన్ని ఎలా స్వీకరించారు?

కోపంతో, బాధతో స్వీకరించారు. కాలిఫోర్నియాలో 1913 నుంచే జపాన్ వలసదారులు వ్యవసాయ భూమి కొనకుండా చట్టం అమలులో ఉంది. పొరుగువారి అనుమానపు చూపుల మధ్య రోజూ బతుకుతున్న కుటుంబాలకు, తమలోనే ఒకడు తెల్ల స్త్రీకి వాత పెట్టే రాక్షసుడిగా తెరకెక్కడం కల్పితకథే కదా అని సరిపెట్టుకునే విషయం కాదు. లాస్ ఏంజెలెస్ నుంచి వెలువడే జపాన్ పత్రిక 'రఫు షింపో' ఆ చిత్రాన్ని తీవ్రంగా ఖండించింది. స్వదేశంలోనూ ఆయనను జాతిద్రోహి అన్నవారు ఉన్నారు. ఆ కాలంలో 'ది చీట్' జపాన్‌లో ప్రదర్శనకు నోచుకోలేదు.

1918లో చిత్రాన్ని తిరిగి విడుదల చేసేటప్పుడు నిర్మాతలు ఒక మార్పు చేశారు. మొదటి ప్రపంచయుద్ధంలో జపాన్ మిత్రపక్షంలో ఉన్నందున, మూకీలో మాటలను అక్షరాలుగా చూపే టైటిల్ కార్డులు మార్చి హిషురు తోరీని 'హకా అరకావు' అనే బర్మా దంతపు వర్తకుడిగా చేశారు. తెరమీద ఇల్లు, దుస్తులు, కాగితపు తలుపులు అన్నీ జపాన్‌వే, పేరు మాత్రం బర్మాది. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో భాగం. మన వాళ్లు కూలికీ వ్యాపారానికీ వేలసంఖ్యలో 'రంగం' (రంగూన్) వెళ్తున్న రోజులవి. నిరసన తెలిపే రాయబార కార్యాలయం లేని దేశాన్ని ఎంచుకుని ఆ మచ్చను దాని మీదకు నెట్టారన్నది నా అభిప్రాయం.

ఆయనే అటువంటి పాత్రను ఎందుకు ఒప్పుకున్నారు?

అప్పుడు ఆయన జీతానికి పనిచేసే నటుడు, పాత్రలు ఎంచుకునే స్థితిలో లేరు. కానీ పేరు వచ్చిన మరుసటి ఏడాదే, 1916లో, ఒక సినిమా పత్రికతో మాట్లాడుతూ 'ది రాత్ ఆఫ్ ది గాడ్స్', 'ది టైఫూన్', 'ది చీట్' చిత్రాలలోని తన పాత్రలు జపనీయుల స్వభావానికి నిజమైనవి కావనీ, తమను ఉన్నది ఉన్నట్టుగా చూపే పాత్ర వేయాలన్నదే తన కోరిక అనీ బహిరంగంగా చెప్పారు. తన తారాపదవికి కారణమైన చిత్రాన్నే తప్పుపట్టడానికి ధైర్యం కావాలి. ఆ మాటను ఆయన మాటగానే వదిలేయలేదనడానికి తరువాత పెట్టిన సంస్థే సాక్ష్యం.

ఆయన నటనలో ప్రత్యేకత ఏమిటి?

మూకీ చిత్రాలలో మాట లేదు కాబట్టి ఒళ్లంతా కదిలించి భావం చెప్పాలని అప్పటి నటులలో చాలామంది నమ్మారు. హయకవా దానికి ఎదురుదారి పట్టారు. భావాన్ని ప్రదర్శించడం కాక, దానిని లోపల అణచిపెడుతున్నట్టు కనిపించడమే ఆయన పద్ధతి. ఆత్మకథలో ఆయన దీనిని జెన్ బౌద్ధ సాధనలోని 'ముగా' అనే భావనతో ముడిపెట్టారు, అంటే 'నేను చేస్తున్నాను' అనే స్పృహ లేకుండా పని జరగడం. ఇది జపాన్ సంప్రదాయం నుంచి నేరుగా వచ్చిందని చాలామంది తేల్చేస్తారు. నాకు అది సగమే నిజమనిపిస్తుంది. జపాన్ సంప్రదాయ నాటకమైన కబుకీ రంగస్థలం మీది నటన ఏమంత నిశ్చలమైనది కాదు, కళ్లు గిరగిర తిప్పి బిగుసుకునే భంగిమలకే అది ప్రసిద్ధి. కెమెరా దగ్గరికి వచ్చినప్పుడు ముఖం మీది చిన్న కదలిక కూడా తెరంత పెద్దదవుతుందని హయకవా ముందుగా గ్రహించారు. ఆ గ్రహింపులో సినిమా మాధ్యమం ఆయనకు నేర్పిన పాఠం కూడా ఉంది.

తెరమీద ఆయనకు నాయిక ఎందుకు దక్కేది కాదు?

ఆసియా పురుషుడికీ తెల్ల స్త్రీకీ పెళ్లి కావడాన్ని కాలిఫోర్నియా చట్టం నిషేధించింది. ఆ నిషేధాన్ని రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 1948లో కానీ కొట్టివేయలేదు. చట్టం కన్నా ప్రేక్షకుల పట్టింపు ఇంకా గట్టిది. అందుచేత కథలన్నీ ఒక మూసలో పడ్డాయి: ఆయన తెల్ల యువతిని ప్రేమిస్తాడు, ఆమె కోసం త్యాగం చేస్తాడు, చివరకు చనిపోతాడు లేదా తొలగిపోయి ఆమెను తెల్ల ప్రియుడికి అప్పగిస్తాడు. లేదంటే తన జాతి స్త్రీని చేరుకుంటాడు.

ఈ విషయంలో ఒక చేదు నిజం ఉంది. ఆసియా పాత్రలు తెల్ల నటులు వేయడానికి అభ్యంతరం లేదు. 1915లో మేరీ పిక్‌ఫర్డ్ 'మేడమ్ బటర్‌ఫ్లై' అనే జపాన్ యువతి అయ్యారు, 1919లో రిచర్డ్ బార్తెల్మెస్ 'బ్రోకెన్ బ్లాసమ్స్'లో చైనా యువకుడయ్యారు. హయకవాకు మాత్రం తెల్లవాడు కాని వేషం ఏదైనా తగిలించేవారు. మెక్సికో బందిపోటు, హవాయి యువకుడు, అరబ్బు, చైనీయుడు, స్పెయిన్ ఎద్దుపోటు వీరుడు, అన్నీ ఆయనే. 1919లో వచ్చిన 'ది మ్యాన్ బినీత్' చిత్రంలో డాక్టర్ చిందీ అషుతోర్ అనే భారతీయుడిగా నటించారు. చదువూ సంస్కారమూ ఉన్న ఆ భారతీయుడి ప్రేమకు కూడా చివరకు అడ్డొచ్చేది ఒంటి రంగే.

ఆయన సొంత సంస్థ ఎలా ఏర్పడింది? ఏం సాధించింది?

ఆయన వృత్తిజీవితంలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించే ఘట్టం ఇదే. పారమౌంట్ స్టూడియో చిత్రాలలో వచ్చే పాత్రలతో విసిగి, 1918లో ఆయన 'హావర్త్ పిక్చర్స్ కార్పొరేషన్' స్థాపించారు. పెట్టుబడిని తెలిసినవారి ద్వారా సమకూర్చుకున్నానని ఆయన రాశారు. కథ, తారాగణం, సెట్లు, సంకలనం వీటన్నిటిలో తన మాట చెల్లుబాటయ్యే ఏర్పాటు అది. హాలీవుడ్‌లో ఒక ఆసియా వలసదారు సొంతంగా నిర్మాణ సంస్థ నడపడం ఆ రోజుల్లో ఊహకు కూడా అందని విషయం. అమెరికా ప్రేక్షకుడి ముందు జపనీయుడిని మనిషిగా నిలబెట్టాలన్న ఆశతో నాలుగేళ్లలో సుమారు 20 చిత్రాలు తీశారు.

వాటిలో మకుటం 'ది డ్రాగన్ పెయింటర్'. విలియం వర్తింగ్టన్ దర్శకత్వంలో 1919లో విడుదలైంది. కొండల్లో ఒంటరిగా తిరిగే తత్సు అనే పిచ్చి చిత్రకారుడు, తన రాకుమారి పూర్వజన్మలో డ్రాగన్‌గా మారిపోయిందని నమ్మి, ఆమె కోసం వెదుకుతూ బొమ్మలు గీస్తుంటాడు. వారసుడు లేని ఒక వృద్ధ గురువు అతడిని పట్నానికి రప్పించి, తన కూతురు ఉమెకోతో పెళ్లి చేస్తాడు. కోరుకున్నది దక్కిన వెంటనే తత్సు చేతిలో కళ ఆరిపోతుంది. భర్తకు కళ తిరిగి రావడం కోసం ఉమెకో చనిపోయినట్టు నమ్మించి తప్పుకుంటుంది. నాయిక సురు ఆవోకీయే. జపాన్ కొండలుగా కనిపించేవి నిజానికి కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలు. ఈ కథలో తెల్లవారి పాత్రలు లేవు, కాబట్టి త్యాగం చేసి చావవలసిన పని లేకుండా హయకవాకు ఒక పూర్తి ప్రేమకథ దక్కింది.

రాజీలు లేవని కాదు. వృద్ధ గురువు పాత్రను తెల్ల నటుడు ఎడ్వర్డ్ పీల్ వేశారు. లోయలు, వెదురు, లాంతర్లు కలిసి అమెరికన్ ఊహలోని జపాన్‌నే మళ్లీ చూపించాయి. చిత్రాలను పంపిణీ చేసేవారు వేరే, డబ్బు వేరేవారి చేతుల మీదుగా రావాలి, ప్రేక్షకులు కోరేది 'తూర్పు దేశపు వింత'. ఆ పరిధిలో ఎంత జరపగలరో అంత ముందుకు జరిపారు. 'ది టాంగ్ మ్యాన్' వంటి చిత్రాలలో చైనాటౌన్ హంతకుడిగా నటించవలసి రావడం ఆ పరిధి ఎక్కడ ముగిసిందో చెబుతుంది.

ఆయన నిజంగానే పెద్ద సంపన్నుడా?

అవును. హాలీవుడ్‌లో ఫ్రాంక్లిన్, ఆర్గైల్ వీధుల కూడలిలో కోట ఆకారంలో కట్టిన ఆయన ఇల్లు, అక్కడ జరిగే విందులు ప్రసిద్ధికెక్కాయి. వార్షికాదాయం గురించి ప్రచారంలో ఉన్న అంకెలు ఎక్కువగా ఆయన చెప్పినవే కాబట్టి వాటిని ఇక్కడ ఇవ్వడం లేదు.

1922లో అమెరికా ఎందుకు వదిలి వెళ్లారు?

వ్యాపార భాగస్వాములతో చెడింది, దేశంలో జపనీయుల మీద ద్వేషం ముదిరింది. 1920లో కాలిఫోర్నియా భూచట్టం మరింత కఠినమైంది. 1922 నవంబరులో, ఇరవై ఏళ్లుగా అమెరికన్ జీవితం గడుపుతున్న జపాన్ వలసదారు తకావో ఒజావా పౌరసత్వానికి అర్హుడు కాడని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మూడు నెలలకు, 1923 ఫిబ్రవరిలో, అదే న్యాయస్థానం భారత వలసదారు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులకూ ఆ తలుపే మూసింది. 1924 వలస చట్టం జపాన్ నుంచి రాకను దాదాపు పూర్తిగా ఆపివేసింది. అలాంటి వాతావరణంలో ఒక జపాన్ కథానాయకుడిని నమ్మి డబ్బు పెట్టేవారు కరువయ్యారు. 1921లో 'ది షేక్'తో రుడాల్ఫ్ వాలెంటినో వచ్చాక, ప్రమాదకరమైన పరదేశి ప్రియుడి వేషానికి యూరప్ నుంచి వచ్చిన తెల్లవాడే దొరికాడు. హయకవా జపాన్ చూసివచ్చి, తరువాత ఫ్రాన్స్‌లో 'లా బతాయ్', బ్రిటన్‌లో మరికొన్ని చిత్రాలు చేశారు. ఫ్రాన్స్ ఆయనను నెత్తిన పెట్టుకుంది.

ఆ కాలంలో హాలీవుడ్‌లో ఇతర జపనీయులు ఉన్నారా?

ఉన్నారు. థామస్ కురిహారా, హెన్రీ కొటానీ, యుతాకా అబే వంటివారు నటులుగానో, సాంకేతికులుగానో పనిచేశారు. హయకవా నీడలో వీరి పేర్లు మరుగున పడ్డాయి కానీ, వీరు నేర్చుకున్న పని వృథా కాలేదు. కురిహారా, కొటానీ 1920లో స్వదేశానికి తిరిగివెళ్లి ఒకరు దర్శకుడిగా, మరొకరు ఛాయాగ్రాహకుడిగా అమెరికన్ పద్ధతులను జపాన్ స్టూడియోలకు అందించారు. అబే కూడా తరువాత అక్కడ పేరున్న దర్శకుడయ్యారు.

టాకీలు వచ్చాక ఏమైంది?

1931లో 'డాటర్ ఆఫ్ ది డ్రాగన్' కోసం పారమౌంట్ ఆయనను వెనక్కి పిలిచింది. చైనా మూలాలున్న అమెరికన్ నటి అనా మే వాంగ్ సరసన నటించారు. మూకీలో ఎవరికీ పట్టని ఆయన ఉచ్చారణ, మాట వచ్చిన వెంటనే లోపంగా మారింది. ఆపైన జపాన్‌లో, యూరప్‌లో పనిచేశారు. 1937లో ఫ్రాన్స్‌లో మాక్స్ ఓఫుల్స్ 'యోషివారా'లోనూ, 'ది చీట్' కథనే మళ్లీ తీసిన 'ఫోర్ఫెత్యూర్'లోనూ నటించారు. రెండో ప్రపంచయుద్ధమంతా పారిస్‌లోనే చిక్కుకుపోయి, బొమ్మలు గీసి అమ్ముకుని బతికారు.

మళ్లీ అమెరికా తెరకు ఎలా వచ్చారు?

హాలీవుడ్ తార హంఫ్రీ బోగార్ట్ సొంత సంస్థ తీసిన 'టోక్యో జో' (1949) కోసం ఆయనను వెతికి రప్పించారు. తరువాత 'క్వాయ్' నది చిత్రం. సిలోన్‌లోని కితుల్‌గల దగ్గర డేవిడ్ లీన్ తీసిన ఆ చిత్రంలో కర్నల్ సైటో క్రూరుడు మాత్రమే కాదు, గడువు తప్పితే తానే చావవలసిన మనిషి. ఒంటరిగా కూర్చుని ఏడ్చే సన్నివేశంలో, 1915 నాటి ఆ అణచుకున్న ముఖం మొదటిసారి పగలడం కనిపిస్తుంది. ఆస్కార్‌కు ఉత్తమ సహాయనటుడిగా నామినేషన్ దక్కింది. బహుమతి మాత్రం 'సయోనారా' చిత్రానికి రెడ్ బటన్స్‌కు వెళ్లింది. అదే చిత్రానికి ఉత్తమ సహాయనటిగా మియోషి ఉమెకీ గెలిచారు.

ఆ చిత్రంలో చూపని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. 1942-43లో జపాన్ సైన్యం కట్టించిన ఆ సయాం (థాయ్‌లాండ్)-బర్మా రైలుమార్గం మీద పాశ్చాత్య ఖైదీల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఆసియా కూలీలు చనిపోయారు. వారిలో మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. హయకవా 1973 నవంబరు 23న టోక్యోలో కన్నుమూశారు.

ఆయన మూకీ చిత్రాలలో ఏవి మిగిలాయి? ముందు ఏది చూడాలి?

అమెరికన్ మూకీ చిత్రాలలో సుమారు 70 శాతం శాశ్వతంగా పోయాయి. హయకవా చిత్రాలకూ అదే గతి పట్టింది. హావర్త్ చిత్రాలలో చాలావాటికి ఫొటోలు, పత్రికా సమీక్షలే మిగిలాయి. 'ది టైఫూన్', 'ది రాత్ ఆఫ్ ది గాడ్స్', 'ది చీట్', 'ది సీక్రెట్ గేమ్', 'ది టాంగ్ మ్యాన్', 'ది డ్రాగన్ పెయింటర్' మనకు దక్కాయి. చివరిదాని ప్రతి ఫ్రాన్స్‌లో దొరికితే దానిని బాగుచేశారు. 'ది చీట్' 1993లో, 'ది డ్రాగన్ పెయింటర్' 2014లో భద్రపరచదగిన చిత్రాలను చేర్చే అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలోకి చేరాయి.

అందరూ 'ది చీట్'తో మొదలుపెడతారు. మీరు 'ది డ్రాగన్ పెయింటర్' ముందు చూడండి. గంటలోపే ముగుస్తుంది. అందులో తత్సు ఉమెకోను తొలిసారి చూసే క్షణంలో ఆ ముఖం మీద నమ్మకం, భయం, ఆనందం ఒకదాని వెనుక ఒకటి తేలి వస్తాయి. అది చూశాక 'ది చీట్' పెట్టి, తోరీ తన వస్తువు మీద ముద్ర వేసి, దీపపు వెలుగులో తల పైకెత్తే తొలి దృశ్యం దగ్గర ఆగండి. రెండుచోట్లా నటుడు ఒక్కడే.